వార్సా నేర్పే పాఠం

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి నారాయణగూడ, అశోక్‌నగర్‌ల నుండి ఎందరో ఉద్యోగార్థులు వస్తుంటారు. ప్రపంచ యుద్ధాలు వారికి పోటీపరీక్షల ప్రశ్నలు మాత్రమే. అయితే గ్రంథాలయంలో కూర్చొని చేయదగిన యాత్రలు కూడా ఉన్నాయి. ఆ యాత్రలో తప్పక దర్శించవలసిన నగరం పోలెండు రాజధాని వార్సా.

1944లో తిరుగుబాటును అణచివేసిన నాజీ సైన్యం ఆ నగరాన్ని నేలమట్టం చేసింది. పాత పట్టణంలో 85 శాతానికి పైగా కట్టడాలు నశించాయి. యుద్ధానంతరం ప్రజలు దానిని పూర్వరూపంలోనే పునర్నిర్మించుకొన్నారు. 18వ శతాబ్దపు చిత్రకారుడు బెల్లొట్టో చిత్రాలు, వాస్తువిద్యార్థులు గీసి ఉంచిన పటాలు అందుకు ఆధారమయ్యాయి. 1980లో యునెస్కో ఆ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

పొరుగున ఉన్న ఉక్రెయిన్‌లో 2022లో పూర్తిస్థాయి యుద్ధం చెలరేగింది. అక్కడ వైద్యవిద్య అభ్యసిస్తున్న తెలుగు విద్యార్థులు చదువు నడుమనే స్వదేశానికి తరలిరావలసి వచ్చింది. 2023లో కీవ్ నగరపు సెయింట్ సోఫియా ఆలయం ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. దూరదేశపు మంట మన గడపను కూడా తాకుతుందనడానికి ఇదే నిదర్శనం.

కూలిన గోడలను కాగితంపై నిలిచిన జ్ఞాపకం తిరిగి నిలబెట్టగలిగింది. పోయిన ప్రాణాలను మాత్రం ఏ పటమూ తిరిగి తేలేదు. రేపటి పాలనాధికారులు కాగోరే యువతరం పరీక్షకోసం కంఠస్థం చేసే తేదీల వెనుక ఈ సత్యాన్ని గ్రహించాలి.