పరాజయము ప్రారబ్ధమేనా?

పరీక్షలో తప్పిన విద్యార్థిని చూచి “వాడి తలరాత అంతే” అనుట నరసరావుపేట మొదలు గురజాల వరకు నిత్యం వినబడే మాట. ఓదార్పుగా పలికిన ఈ మాట శాస్త్రసమ్మతమా అనునది విచారణీయం.

వేదాంతం కర్మను సంచితము, ప్రారబ్ధము, ఆగామి అని త్రివిధముగా విభజించింది. ప్రారబ్ధం విడిచిన బాణం, దానిని మరలింపజాలము. ఆగామి ఇంకను మన చేతిలోనిదే. జరిగిన ఓటమి మొదటిదానికి చెందవచ్చును. దాని అనంతరం చేయు కర్మ మాత్రం రెండవదే.

ఒక లౌకిక దృష్టాంతం. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 గోల్స్‌తో ఓడింది. అంతకు ముందటి ఏడే ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచిన జట్టు అది. దాని శిక్షకుడు హైదరాబాదుకు చెందిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ప్రత్యర్థి బలం, శీతల వాతావరణం ఆ జట్టు అధీనంలో లేనివి. కాని క్రీడాకారులలో పెక్కుమంది బూట్లు లేక ఆడారు. అది దైవకృతం కాదు, దిద్దుకొనదగిన లోపం. తరువాత బూట్లు తప్పనిసరి అయినవి. 1956లో మెల్బోర్న్‌లో నాలుగవ స్థానం, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం లభించాయి. 1963లో రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఇందుకు విపరీత దృష్టాంతం పల్నాటిలోనే కలదు. కోడిపందెంలో ఓడిన బ్రహ్మనాయుని పక్షం మాటకు కట్టుబడి ఏడేండ్లు వలస వెళ్లింది. గడువు తీరినను గెలిచినవారు రాజ్యభాగం ఇవ్వలేదు. చివరకు కారెంపూడి రణభూమిలో ఉభయపక్షాల వీరులు నేలకొరిగారు. నేటికీ కార్తిక అమావాస్యతో మొదలయ్యే వీరారాధనలో ఒక దినం కోడిపోరుకే కేటాయించబడింది. గెలుపు మదమైనను, ఓటమి పగయైనను ఫలం ఒక్కటే అని ఆ నేల ఏటేటా గుర్తుచేస్తున్నది.

“జయాపజయాలను సమంగా చూడమని గీత చెప్పలేదా?” అని కొందరి శంక. చెప్పింది, కాని ఆ ఉపదేశం పొందినవాడు విల్లు దించి ఇంటికి పోలేదు, ఎత్తి నిలిచాడు. సమత్వం అనగా ఔదాసీన్యం కాదు, కలత లేని ప్రయత్నం. వసిష్ఠుడు సైతం శ్రీరామునికి దైవం కంటె పౌరుషమునే ప్రధానముగా బోధించినట్లు యోగవాసిష్ఠం చెప్పుచున్నది.

కనుక బిడ్డ తప్పినప్పుడు ఆలయంలో అర్చన చేయించుట దోషం కాదు. చిత్తశాంతికి అది సాధనమే. అర్చన ముగిసిన పిమ్మట ఎక్కడ లోపించిందో బిడ్డతో కూర్చుండి విచారించని తల్లిదండ్రులు మాత్రం సగం కర్మనే ఆచరించినవారు. పదునారేండ్ల బిడ్డకు “నీ రాత ఇంతే” అని చెప్పుట, వాని చేతిలోని ఆగామిని లాగివేసుకొనుటయే. అంతకు మించిన అధర్మం గృహంలో మరొకటి లేదు.

స్వస్తి.