గ్రంథపాలకుల తరగతిలో ఎవరెవరున్నారు?

తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్ళినవారికి ఒక సంగతి తెలుసు. బంతి, చామంతి గుట్టల మధ్య తెలుగులో మొదలైన బేరం ఉర్దూలోకో హిందీలోకో మారిపోతుంది. అక్కడ ఎవరికీ అది వింతగా అనిపించదు. కానీ ఆ వీధుల్లో పెరిగే ఒక పాప గ్రంథాలయానికి వెళితే, తన ఇంటి భాషలో ఉన్న పుస్తకాన్ని తీసి చేతికిచ్చే మనిషి అక్కడ ఉంటారా? ఆ మనిషి ఎవరన్నది చాలావరకు గ్రంథపాలకులకు చదువు చెప్పే తరగతిలోనే తేలిపోతుంది.

ఆ తరగతిలో ఎవరు కూర్చోవాలన్న వివాదం పాతదే. 1887లో న్యూయార్క్‌లోని కొలంబియా కళాశాలలో మెల్విల్ డ్యూయీ తొలి గ్రంథాలయ శిక్షణాలయం తెరిచాడు. మొదటి జట్టులో చేరిన 20 మందిలో 17 మంది స్త్రీలే. కళాశాల పెద్దలకు అది నచ్చలేదు. రెండేళ్ళకే శిక్షణాలయం ఆల్బనీకి తరలిపోయింది. స్త్రీలకు తలుపు తెరిచిన ఆ డ్యూయీయే తాను నడిపిన క్లబ్బులోకి యూదులను రానివ్వలేదు. అందుకే 2019లో అమెరికా గ్రంథాలయ సంఘం తమ పురస్కారం నుంచి ఆయన పేరు తీసేసింది. నల్లజాతి వారి కోసం హాంప్టన్‌లో వేరే శిక్షణాలయం పెట్టడానికి 1925 దాకా ఆగాల్సి వచ్చింది. అదీ 1939లో మూతపడింది. ఒక తలుపు తెరిచినంత మాత్రాన మిగతావి వాటంతట అవే తెరుచుకోవు.

తరగతిలో ఎవరు లేరన్నది పుస్తకాల అరల్లోనూ కనిపిస్తుంది. ఇప్పటికీ అనేక గ్రంథాలయాలు వాడే డ్యూయీ వర్గీకరణలో మతానికి 200 నుంచి 299 వరకు అంకెలు ఇచ్చారు. వాటిలో 220 నుంచి 289 వరకు బైబిలుకు, క్రైస్తవానికి దక్కాయి. హిందూమతం, ఇస్లాం, యూదుమతం, బౌద్ధం, ఇంకా ఎన్నో మతాలు 290లలో సర్దుకోవాలి. ఇది చూసి మనం సంబరపడాలా? పొరుగువాడి విశ్వాసానికి ఒక మూల మాత్రమే విడిచిన ఇల్లు మనకూ గౌరవం తేదు. వర్గీకరణ రాసిన బల్ల చుట్టూ వారు కూడా ఉండి ఉంటే లెక్క ఇలా ఉండేదా?

ఇక మన దగ్గరికి వద్దాం. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే ఈ చదువు మొదలుపెట్టింది. ఉస్మానియాలో 1959లో వచ్చింది. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో అసఫియాగా పుట్టింది. ఉర్దూ, పారశీక, అరబ్బీ గ్రంథాలు దాని సంపద. ఆ లిపులు చదవగలవారు శిక్షణకు రాకపోతే, ఎంత గొప్ప సంపదైనా అరలోనే ఉండిపోతుంది. గ్రంథాలయాల కోసం ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు వసూలవుతుంది. ఆ పైసలు ఏ ఇంటివారి దగ్గరైనా ఒకే లెక్క. సేవ మాత్రం కొందరికే అందడం న్యాయం కాదు.

చదువులో స్త్రీలకు మూడో వంతు సీట్ల కేటాయింపు ఉంది. అది మంచిదే. అయితే ఆ స్త్రీలు ఏ ఇళ్ళ నుంచి వస్తున్నారని కూడా అడగాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితులు క్రైస్తవం స్వీకరిస్తే ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సవరణ వచ్చింది. క్రైస్తవులకు, ముస్లింలకు రాలేదు. తెలుగు రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులను బీసీ-సిలో చేర్చి 1 శాతం ఇచ్చారు. వాడలో మారని కులం, దరఖాస్తులో మారిపోయింది. ఆ ఒక్క శాతంలో దళిత క్రైస్తవ యువతికి గ్రంథాలయ శాస్త్రంలో సీటు దొరకడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. ఈ అన్యాయం గురించి మనం మాట్లాడుతూనే ఉండాలి. కానీ మన వాటా కోసం అడిగే గొంతుతోనే ఉర్దూ చదివే పొరుగింటి అమ్మాయి కోసమూ అడగకపోతే, మన మాటకు బరువుండదు.

పెంతెకొస్తు దినాన యెరూషలేములో చేరినవారు ఎవరి భాషలో వారు విన్నారని మనం ఏటా బోధిస్తాం. అదే మాట గ్రంథాలయానికీ చెల్లుతుంది.

సంఘాలుగా మనం చేయగలిగిన పనులున్నాయి. ఏ డిగ్రీ చదివినవారైనా తర్వాత ఏడాదిలో గ్రంథాలయ శాస్త్రంలో పట్టా పొందవచ్చు. ఉద్యోగం చేస్తూ చదివేవారికి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో దూరవిద్య ఉంది. ఈ సంగతి మన యౌవనస్థుల కూటాల్లో చెబుదాం. రుసుము కట్టలేని ఒకరిద్దరు అమ్మాయిలకు, వారు ఏ మతంవారైనా, స్త్రీల సమాజం అండగా నిలవాలి. చర్చిలో మూలనపడ్డ పుస్తకాల బీరువాను తెరిచి, సర్దే బాధ్యతను చదువుకునే పిల్లలకే అప్పగిద్దాం.

మన పేటలోని గ్రంథాలయానికి ఈ వారమే ఒకసారి వెళ్ళండి. అక్కడ ఏ భాషల పుస్తకాలున్నాయో, ఏవి లేవో చూడండి. అడగడం అక్కడి నుంచే మొదలుపెడదాం.