విరిగిన బొమ్మకు కొత్త రూపు



తిరునాళ్లలో పిల్లవాడు మారాం చేసి కొనిపించుకొన్న ప్లాస్టిక్ బొమ్మ ఎన్నాళ్లు నిలుస్తుంది? నెల తిరక్కుండానే కాలో తోకో ఊడిపోతుంది. ఆ తరువాత అది పెంటకుప్ప పాలు. అయితే అలాంటి చవక బొమ్మలనే ఏరి తెచ్చుకొని, కోసి, అతికించి, రంగు వేసి కొత్త రూపాలుగా మార్చుకొనేవారు ఇంగ్లండులోను అమెరికాలోను ఉన్నారు. ఈ నెల వారి పనితనం గురించి నాలుగు మాటలు చెప్పుకొందాం.

వారు ఆడేది బల్లమీద యుద్ధపు ఆట. అట్టలతో కొండలు, ఇళ్లు అమర్చి, చిన్న చిన్న సైనికుల బొమ్మలను ఇరువైపులా నిలుపుతారు. ఎవరెంత దూరం నడవాలో స్కేలుతో కొలుస్తారు. ఎవరు పడిపోయారో చాలా ఆటల్లో పాచికలు వేసి తేల్చుకొంటారు. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకంలో ఇలాంటి ఆటకు నియమాలు వ్రాశాడు. అప్పటి సైనికులు లోహపు బొమ్మలు, వెల ఎక్కువ. 1959 నుండి ఎయిర్‌ఫిక్స్ అనే బ్రిటిష్ కంపెనీ అంగుళం ఎత్తైనా లేని ప్లాస్టిక్ సైనికులను పెట్టెల్లో చవకగా అమ్మసాగింది. అయినా కావలసిన సైన్యమంతా పెట్టెల్లో దొరకదు గదా! ఒక బొమ్మ తల తీసి మరొక దానికి పెట్టడం, టోపీ మార్చడం, తుపాకీని చెక్కి ఈటెగా చేయడం ఆటగాళ్లకు అలవాటైంది.

అమెరికాలో లేక్ జెనీవా అనే చిన్న పట్టణంలో గ్యారీ గైగాక్స్ అనే గృహస్థు ఉండేవాడు. 1970లో ఇన్సూరెన్సు కంపెనీలో ఆయన ఉద్యోగం పోయింది. ఐదుగురు పిల్లల తండ్రి. ఇంటి దగ్గరే చెప్పులు, బూట్లు బాగుచేస్తూ, మిగిలిన వేళల్లో ఆటల నియమాలు వ్రాసేవాడు. 1971లో జెఫ్ పెర్రెన్‌తో కలిసి వెలువరించిన ‘చెయిన్‌మెయిల్’ అనే ఆటలో కత్తి వీరులతో పాటు కథల్లోని డ్రాగన్లు, రాక్షసులు కూడా ఉన్నారు. ఆ బొమ్మలు అప్పట్లో అంగడిలో దొరికేవి కావు. ఆయన ఏం చేశాడు? వీపు మీద పలకలుండే స్టెగోసారస్ అనే పురాతన జంతువు ప్లాస్టిక్ బొమ్మను మార్చి డ్రాగన్‌గా చేసుకొన్నాడు.

అంతేకాదు, హాంకాంగ్‌లో తయారై సంచుల్లో అమ్ముడయ్యే వింత మృగాల బొమ్మలు కూడా తెచ్చుకొన్నాడు. అవి ఏ జంతువునూ సరిగా పోలవు. ఆ పోలిక లేకపోవడమే మేలైంది! తోక చివర ఫ్యాను రెక్కల్లాంటివి ఉన్న ఒక బొమ్మ, ఇనుమును ముట్టుకొని తుప్పుగా మార్చే ‘రస్ట్ మాన్‌స్టర్’ అయింది. మరొకటి గుడ్లగూబ ముఖమున్న ఎలుగుబంటి అయింది. డేవ్ ఆర్నెసన్‌తో కలిసి ఆయన 1974లో తెచ్చిన ‘డన్జియన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలో ఇవి 1975 నుండి స్థిరపడ్డాయి. కొనలేని స్థితి ఆయన చేతులను కట్టివేయలేదు, పనిలో పెట్టింది.

ఈ పని ఎలా చేస్తారో చూడండి. మొదట బొమ్మను సబ్బునీళ్లతో కడుగుతారు, జిడ్డు ఉంటే రంగు పట్టదు. వేడినీళ్లలో కాసేపు ఉంచి, చేయి కాలు కావలసినట్టు వంచి, వెంటనే చన్నీళ్లలో ముంచితే చాలా బొమ్మల్లో ఆ వంపు నిలుస్తుంది. మెత్తని ప్లాస్టిక్‌కు బంక సరిగా పట్టదు కాబట్టి, అతుకు దగ్గర సన్నని తీగ గుచ్చి నిలబెడతారు. సందులు నింపడానికి రెండు ముద్దలు సమంగా కలిపే పుట్టీ వాడతారు. మన ఇళ్లలో కారే పైపుకు పెట్టే ఎం-సీల్ ఆ జాతిదే. కొండపల్లి పనివారు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో తెల్ల పొణికి చెక్క బొమ్మల అవయవాలు అతుకుతారు గదా, ఇదీ అలాంటి ఉపాయమే. తరువాత అడుగు రంగు, దానిపై అసలు రంగు. పలుచని నల్లరంగు మడతల్లోకి పారించి, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో ఎత్తైన చోట్ల లేతరంగు తాకిస్తే బొమ్మకు జీవకళ వస్తుంది. బ్లేడు పని, వేడినీళ్ల పని పెద్దలే చేయాలి. ప్లాస్టిక్‌ను మంట మీద కాల్చకూడదు, ఆ పొగ హాని.

“అయ్యగారూ, యుద్ధపు ఆట పిల్లలకు మంచిదా?” అని తల్లులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వెల్స్ తన పుస్తకం చివర దీనికి తనే జవాబు చెప్పాడు. బల్లమీద చిన్న యుద్ధంలోనే ఇన్ని పొరపాట్లు జరిగితే, నిజమైన మహాయుద్ధం ఎంత తెలివిమాలిన పనో ఆడినవారికి తెలుస్తుందన్నాడు. మరుసటి యేడే, 1914లో, ఐరోపా దేశాలు ఆ మహాయుద్ధంలోకే దిగాయి. అందులో పడిపోయినవారిని ఎవరూ తిరిగి బల్లమీద నిలబెట్టలేకపోయారు. ఈ తేడా పిల్లలకు నోరార చెప్పవలసినది మనమే.

కాబట్టి తల్లిదండ్రులారా, ఈసారి బొమ్మ విరిగితే వెంటనే పారవేయకండి. తీగముక్క, కాస్త పుట్టీ, రంగు దగ్గర పెట్టుకొని పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. “దీన్ని ఇంకేం చేయవచ్చు?” అని అడగండి. కొత్త బొమ్మ కొనిపెట్టలేని తండ్రి కూడా తన సాయంకాలాన్ని పిల్లవాడికి ఇవ్వగలడు. అతికిన ఆ బొమ్మను చూసినప్పుడల్లా, అంగడిలో కొన్న దానికంటె ఆ సాయంకాలమే వాడికి జ్ఞాపకముంటుంది.