తెలుగుతోనే మొదలుపెట్టాలి
ఇంట్లో ఉన్న నూనె ప్యాకెట్టో, బ్యాంకు కరపత్రమో తీసి తెలుగు వరుసల మధ్య ఖాళీ చూడండి. చాలావాటిలో పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతుంటాయి. ‘రాష్ట్రం’ లాంటి మాటలో టవత్తు, రవత్తు నిలబడేందుకు చోటే ఉండదు. అందరూ ఫాంటును తిడతారు. నేను తప్పుపట్టేది పని జరిగే క్రమాన్ని. మా డిజైన్ ఏజెన్సీల్లో లేఅవుట్ అంతా ఇంగ్లీషులో తయారై, క్లయింటు సరేనన్నాక, ఆఖర్న తెలుగును అదే జాగాలో కుక్కుతారు. ఇన్‌డిజైన్ అనే లేఅవుట్ సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే లీడింగ్ (వరుస నుంచి వరుసకు దూరం) 120 శాతం, అంటే 10 పాయింట్ల అక్షరానికి 12 పాయింట్లు. ఇంగ్లీషుకు అది హాయిగా సరిపోతుంది; పైన గుడినీ, కింద ఒత్తులనూ మోసే తెలుగుకు చాలదు. టెక్నాలజీ లేదనే సాకు ఇక చెల్లదు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అందుకే నా పట్టుదల ఒక్కటే: మొదటి లేఅవుట్ తెలుగులో వేయాలి. తెలుగు కుదురుగా ఇమిడిన చోట ఇంగ్లీషును ఇమడ్చడం తేలిక, ఇంగ్లీషుకు కొలిచిన చోట తెలుగు ఇరుకున పడుతుంది. వ్యాపారం లెక్కలో చూసినా ఇదే సబబు. సరుకు కొనే మనిషి చదివేది తెలుగైతే, ఆ తెలుగుకు మిగిలిన జాగా విదల్చడం చుట్టాన్ని పిలిచి వాకిట్లో నిలబెట్టడమే. కొటేషన్‌లో తెలుగును చివరి పద్దుగా రాయడం మానేద్దాం. దాన్ని మొదటి పద్దు చేసి, తగిన రోజులూ, తగిన డబ్బూ అడుగుదాం. శ్రద్ధ వాటి వెంటే వస్తుంది.