బంజరు అనే మాట



ట్యూషన్ సెంటర్లు "పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి" అని అలవాటుగా అనేస్తుంటాం. అసలు పుట్టగొడుగు అంత తేలిగ్గా పుట్టదన్న సంగతి ఆ మాట అనేవారిలో ఎందరికి తెలుసు?

చెదలు ఎండుగడ్డినీ, పుల్లల్నీ నమిలి, ఆ ముద్దల మీద పుట్ట లోపల ఒక బూజును పెంచుతాయి. అదే వాటి తిండి. వానలు పడ్డాక ఆ బూజే నేల చీల్చుకుని గొడుగై పైకొస్తుంది. ఇతర రకాల్లా దీన్ని షెడ్డులో పెంచి అమ్మడం కుదరదు. పొక్లెయిన్‌తో పుట్టను చదును చేశామా, అక్కడితో సరి!

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మేతబీళ్లను రికార్డులు బంజరంటాయి, మనవాళ్లు గయాళంటారు. ఆ పేరు పడిందంటే లేఅవుటుకైనా, క్వారీకైనా అడ్డు చెప్పేవాడుండడు. సోంపేట బీలనూ పనికిరాని నేలే అన్నారు. దాన్ని నమ్ముకున్న రైతులు, మత్స్యకారులు ఒప్పుకోలేదు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. థర్మల్ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతి ఆ రోజే రద్దయింది. బీల తడినేల, బీడు పొడినేల. రెండింటికీ తగిలించిన నింద మాత్రం ఒకటే.

ఐరోపాలో పాత పచ్చికల మీద మైనం పూసినట్టుండే రంగురంగుల గొడుగులు మొలుస్తాయి. దున్ని, ఎరువు చల్లితే అవి మాయమవుతాయి. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం 2025 మార్చి నాటికి 1,300 శిలీంధ్రాలను పరిశీలించి, కనీసం 411 అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తేల్చింది. మన 1972 వన్యప్రాణి చట్టంలో జంతువులకూ మొక్కలకూ షెడ్యూళ్లున్నాయి. అటూ ఇటూ కాని పుట్టగొడుగుకు చోటే లేదు.

"ఇళ్ల స్థలాలు ముఖ్యమా, పుట్టగొడుగులా?" అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. ఇళ్లు వద్దనడం లేదు. ఊరికో మేతబీడును దున్నకుండా, పుట్టలు తవ్వకుండా వదలమంటున్నాను. మేకకూ ఆవుకూ మేత దొరికేది కూడా అక్కడేగా!

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి ఒక కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. తొలకరి సెలవులకు ఊరెళ్లే విద్యార్థులు ముసలమ్మలనూ గొర్రెల కాపరులనూ అడిగి, ఏ గొడుగు ఎక్కడ, ఏ కార్తెలో లేస్తుందో, ఏది విషమో రాసి ఆ రిజిస్టరుకెక్కించాలి. అధ్యాపకులు శాస్త్రీయ నామాలు సరిచూడాలి. అడిగి తెలుసుకోండి గాని, తెలియనిదాన్ని మాత్రం వండుకోకండి!

కాగితం మీద బంజరన్న మాట ఒక్కటే ఉన్నంతకాలం ఆ నేల ఖాళీగానే కనిపిస్తుంది. దాని పక్కన మనం నాలుగు పేర్లు రాయగలిగితే, చదును చేయబోయేవాడు ఒక్క క్షణమైనా ఆగి చదవాల్సి వస్తుంది.