కడుపునొప్పి సాకు కాదు

బదిలీ మీద కొత్త బడికి వచ్చిన పిల్లలు ఉదయాన్నే "కడుపునొప్పి" అంటే, బడి ఎగ్గొట్టడానికి సాకని పెద్దలం నవ్వేస్తాం. అది తప్పని నా అభిప్రాయం.

నేను పనిచేసిన ఒక ఊళ్ళో ఆరో తరగతి బాబు, హిందీ సరిగా రాక, రెండు పీరియడ్లు బల్లమీద తల వాల్చి కూర్చున్నాడు. నాతో తెలుగులో చెప్పేసరికే బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగింది. అపెండిసైటిస్! ఆ రాత్రే ఆపరేషన్ చేశారు.

పిల్లలూ, దిగులుతో వచ్చే నొప్పీ నిజమైనదే. కొత్తచోట మరుగుదొడ్డికి వెళ్ళలేక ఆపుకుంటే మలబద్ధకం, శుభ్రంలేని నీళ్ళు తాగితే విరేచనాలు వస్తాయి. ఇవి చాలావరకు తగ్గిపోతాయి. కానీ నడిచినా దగ్గినా నొప్పి ఎక్కువవుతుంటే, దానితోపాటు జ్వరం, ఆగని వాంతులు, మలంలో రక్తం, గట్టిపడిన పొట్ట వీటిలో ఏది ఉన్నా, వాము నీళ్ళతో సరిపెట్టక వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఏ ఊరు వెళ్ళినా ముందు ఈ ఒక్క మాట నేర్చుకోండి: హిందీలో 'పేట్ మే దర్ద్', బెంగాలీలో 'పేటే బ్యథా', తమిళంలో 'వయిట్రు వలి'. నొప్పి ఎక్కడుందో వేలితో చూపండి. చెప్పడానికి సిగ్గుపడకండి.