దగ్గు తీయవద్దు

మంజీర ఒడ్డున ఉన్న మా బీర్కూరుకు సెలవులకొచ్చిన మేనల్లుడు మొన్న జిమీ హెండ్రిక్స్ గిటారు కచేరీ వినిపించాడు. మన పాలకొల్లు శ్రీనివాస్ కరెంటు మాండలిన్ విన్న చెవులు గనుక నేను మరీ బెదరలేదు.

1970 ఆగస్టు 31న ఇంగ్లండులోని వైట్ దీవిలో చేసిన కచేరీ అది. సెప్టెంబరు 18న, 27 యేళ్లకే, ఆయన కన్నుమూశాడు. కచేరీలో కొంత 1971లో రికార్డుగా వచ్చింది. 2002లో ఇంకా పెద్దదిగా వెలువడింది. నడుమ కాపలావాళ్ల వైర్‌లెస్ గోల స్పీకర్లలోకి చొరబడుతుంది. ఆయన వాయిస్తూనే ఉంటాడు!

పోయిన మనిషి అడ్డు చెప్పలేడు కదా. ఆయన వదిలి వెళ్లిన స్టూడియో టేపులకు వేరేవాళ్ల వాయిద్యం అతికించి 1975లో ఒక రికార్డు తెచ్చారు. అందులో ఎవరు ఎవరికి జవాబు చెబుతున్నట్టు?

ఇంతకూ నా బాధ వేరు. కీర్తిశేషులు మా నాన్నగారు భాగవత పద్యాలు చదివిన క్యాసెట్టొకటి ఉంది. మధ్యలో ఆయన దగ్గు, అన్నం చల్లారిపోతోందని వంటింట్లోంచి అమ్మ కేక.

"మామయ్యా, కంప్యూటర్లో అవన్నీ తీసేసి పద్యాలొక్కటే ఉంచనా?" అన్నాడు మేనల్లుడు, కచేరీ వినిపించక ముందే. నేను సరేనన్నాను కూడా. కచేరీ అయ్యాక వెళ్లి క్యాసెట్టు తిరిగి తీసుకున్నాను.

"పోనీ, దగ్గొక్కటి?"

"అదీ వద్దురా. దగ్గాకనే ఆయన పద్యం మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటారు."